మిరపకాయ మంట దారి పట్టుకుని: డేవిడ్ జూలియస్ పరిశోధనపై తరచుగా అడిగే ప్రశ్నలు

మిరపకాయ కొరికితే నోరు ఎందుకు మండుతుంది? 1997 దాకా దీనికి పూర్తి జవాబు ఎవరి దగ్గరా లేదు. ఆ జవాబు దొరికింది డేవిడ్ జూలియస్ ల్యాబ్‌లో. నేను డిగ్రీ పిల్లలకు ఫిజియాలజీ చెబుతాను. అయాన్ ఛానళ్ల పాఠం వచ్చిన ప్రతిసారీ ఆయన కథతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ పాఠానికి కావలసిన సరుకులన్నీ మన వంటింట్లోనే ఉన్నాయి. క్లాసులో పిల్లలు అడిగినవి, పెళ్లి భోజనాల దగ్గర చుట్టాలు అడిగినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

డేవిడ్ జూలియస్ ఎవరు?

అమెరికా శాస్త్రవేత్త. 1955 నవంబర్ 4న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ బీచ్ అనే పేటలో పుట్టారు. రష్యా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. హైస్కూల్లో ఫిజిక్స్ మాస్టారు ఒకప్పుడు బేస్‌బాల్ ఆడిన మనిషి. బంతి గాల్లో ఏ దారిన పోతుందో లెక్క కట్టి చూపించేవారు. తనకు సైన్స్ మీద మనసు పడింది అక్కడేనని జూలియస్ చెప్పుకున్నారు. 1977లో ఎంఐటీలో డిగ్రీ, 1984లో బర్క్‌లీలో పీహెచ్‌డీ, తర్వాత కొలంబియా యూనివర్సిటీలో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ఇంకొకరి ల్యాబ్‌లో చేసే పరిశోధన. 1989లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో చేరారు. అందరూ యూసీఎస్‌ఎఫ్ అనేది దాన్నే. పేరు తెచ్చిన పనంతా అక్కడే జరిగింది.

ఆయన మొదటి నుంచీ నొప్పి మీదే పనిచేశారా?

లేదు. పీహెచ్‌డీ చేసింది ఈస్ట్ మీద. పిండి పులియబెట్టే ఆ ఈస్టే. ఈస్ట్ కణాలు జతకట్టడానికి ఒక చిన్న ప్రొటీన్ సంకేతాన్ని బయటికి వదులుతాయి. అది ముందు పొడుగ్గా తయారై, తర్వాత ముక్కలుగా తెగుతుంది. ఆ ముక్కలు కోసే ఎంజైమును జూలియస్ గుర్తించారు. మన ఒంట్లో ఇన్సులిన్ లాంటి హార్మోన్లను కోసి తయారుచేసే ఎంజైములు దానికి దగ్గరి చుట్టాలే. ఆ రోజుల్లో ఆయన గైడ్లు ఇద్దరు, జెరెమీ థోర్నర్, ర్యాండీ షెక్‌మన్. షెక్‌మన్‌కు 2013లో నోబెల్ వచ్చింది.

కొలంబియాలో రిచర్డ్ యాక్సెల్ ల్యాబ్‌లో చేరి సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే ఒక గ్రాహకం జన్యువును పట్టుకున్నారు. గ్రాహకం అంటే కణం మీద ఉండి ఫలానా పదార్థాన్ని గుర్తుపట్టే ప్రొటీన్. యాక్సెల్‌కు వాసన పరిశోధనకు 2004లో నోబెల్ వచ్చింది.

ఈస్ట్ ఎక్కడ, మిరపకాయ ఎక్కడ అనిపిస్తుంది. కానీ ఆ రోజుల నుంచే జూలియస్‌కు ఒక కుతూహలం ఉండేది. కొన్ని పుట్టగొడుగులు, ఎల్ఎస్‌డీ లాంటివి మనిషి మెదడును అలా ఎందుకు తిప్పేస్తాయి? ఎక్కడో అడవిలో పుట్టిన మొక్కలోని పదార్థం మన శరీరంలో సరిగ్గా ఒకచోటికి వెళ్లి అతుక్కుంటోందంటే, ఆ చోటు ఏమిటి? ఆయన జీవితమంతా వేసుకున్నది ఈ ఒక్క ప్రశ్నే అని నా అభిప్రాయం. మొక్క మారింది, జంతువు మారింది, ప్రశ్న మారలేదు.

అయాన్ ఛానల్ అంటే ఏమిటి?

మన ప్రతి కణం చుట్టూ పలచటి కొవ్వు పొర ఉంటుంది. ఉప్పు నీళ్లలో కరిగితే సోడియం, క్లోరైడ్ అనే అయాన్లుగా విడిపోతుంది కదా. అయాన్లకు విద్యుదావేశం ఉంటుంది కాబట్టి అవి కొవ్వు పొరను దాటలేవు. దాటాలంటే తలుపు కావాలి. పొరకు అడ్డంగా కూర్చుని, మధ్యలో సన్నటి రంధ్రం ఉండి, అవసరమైనప్పుడు తెరుచుకుని మూసుకునే ప్రొటీనే అయాన్ ఛానల్. తెరుచుకుంటే ఒక్క ఛానల్ గుండా సెకనుకు లక్షల సంఖ్యలో అయాన్లు దూసుకుపోతాయి.

నాడీకణం ఊరికే ఉన్నప్పుడు లోపలి వైపు బయటి కంటే కొంచెం రుణావేశంతో ఉంటుంది. తలుపు తెరుచుకుని సోడియం, కాల్షియం లోపలికి వస్తే ఆ తేడా తారుమారవుతుంది. అదే కరెంటు. ఆ కరెంటు నరం వెంట వెన్నుపాముకు, మెదడుకు పోతుంది.

అన్ని తలుపులూ ఒకే తాళంచెవికి తెరుచుకోవు. కొన్ని వోల్టేజికి, కొన్ని ఒక రసాయనం తగిలితే, కొన్ని సాగదీస్తే తెరుచుకుంటాయి. వేడికి తెరుచుకునే తలుపు ఉందా, ఉంటే అది ఏ ప్రొటీన్ అన్నదే అప్పటి పెద్ద ప్రశ్న.

పరిశోధనకు మిరపకాయే ఎందుకు?

నొప్పి నరాన్ని వేరుగా పట్టుకోవడం చాలా కష్టం. చర్మం కింద రకరకాల నరాలు కలిసిపోయి ఉంటాయి. అందులో నొప్పి మోసేదాన్ని మాత్రమే తట్టే సాధనం ఒకటి కావాలి. ఆ సాధనం మిరపకాయలో ఉంది. దాని కారానికి కారణమైన పదార్థం పేరు క్యాప్సైసిన్.

హంగరీలో మిక్లోష్ యాంచో అనే శాస్త్రవేత్త 1940లలోనే ఒక ముఖ్యమైన సంగతి చూశారు. క్యాప్సైసిన్ ఎక్కువగా ఇచ్చిన జంతువులు తర్వాత ఆ రకం నొప్పికి స్పందించడం మానేశాయి. స్పర్శ మాత్రం పోలేదు. అంటే క్యాప్సైసిన్ నొప్పి నరాలనే ఏరి పట్టుకుంటోంది. అయితే ఆ నరం మీద అది అతుక్కునే ప్రొటీన్ ఏదో ఇంకో యాభై ఏళ్లు తెలియలేదు. అసలు అలాంటి ప్రొటీన్ ఉందా, లేక క్యాప్సైసిన్ కొవ్వు పొరనే పాడుచేస్తోందా అని అనుమానించినవాళ్లూ ఉన్నారు.

జూలియస్ చాలాకాలం దీని గురించి ఆలోచిస్తూ వచ్చారు. ఒకరోజు సూపర్‌మార్కెట్‌లో కారం సాసుల అర ముందు నిలబడి, ఈ సంగతేదో తేల్చాలి అని భార్యతో అన్నారట. ఆవిడ హాలీ ఇంగ్రహామ్, ఆవిడా యూసీఎస్‌ఎఫ్‌లో శాస్త్రవేత్తే. అయితే మొదలుపెట్టమని ఆవిడ అన్నారు.

ఆ జన్యువును ఎలా పట్టుకున్నారు?

ఈ ప్రశ్నకు కొంచెం నిదానంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో నాకు బాగా నచ్చేది ఇదే.

వెన్నెముక పక్కన నాడీకణాలు చిన్న చిన్న ముడులుగా ఉంటాయి. చర్మం నుంచి వచ్చే నొప్పి, వేడి, స్పర్శ నరాల కణాలు ఉండేది అక్కడే. ఎలుక జాతి జంతువుల నుంచి ఆ ముడులను తీసి, వాటిలో ఏయే జన్యువులు పనిచేస్తున్నాయో అన్నింటికీ డీఎన్ఏ ప్రతులు తయారుచేశారు. అదొక పెద్ద గ్రంథాలయం లాంటిది. అందులో ఎక్కడో ఒక్క పుస్తకం క్యాప్సైసిన్‌ను గుర్తుపట్టే ప్రొటీన్‌ది. ఏదో తెలియదు. అట్ట మీద పేరూ లేదు.

అందుకని ఇలా చేశారు. ల్యాబ్‌లో పెంచే మామూలు మనిషి కణాలు కొన్ని తీసుకున్నారు. మూత్రపిండం నుంచి వచ్చిన ఆ కణాలకు మిరపకారం అంటే ఏమిటో తెలియదు, క్యాప్సైసిన్ పోస్తే కదలవు, మెదలవు. వాటిలోకి గ్రంథాలయం నుంచి దాదాపు 16,000 ప్రతుల చొప్పున ఒక్కో గుంపును పంపారు. కాల్షియం లోపలికి వస్తే వెలుగు మారే రంగును ముందే కణాల్లో నింపి ఉంచారు. ఇక క్యాప్సైసిన్ పోసి మైక్రోస్కోప్‌లో చూడడమే. ఏ గుంపు అందుకున్న కణాల్లో వెలుగు మారితే ఆ గుంపులో మన జన్యువు ఉన్నట్టు.

ఒక గుంపులో కొన్ని కణాలు వెలిగాయి. ఆ గుంపును చిన్న గుంపులుగా విడగొట్టారు. వెలిగినదాన్ని మళ్లీ విడగొట్టారు. అలా చివరికి ఒకే ఒక్క జన్యువు మిగిలింది. బియ్యంలో రాయి ఏరడం కాదిది, రాశి పోసిన ధాన్యంలో ఒక గింజ వెతకడం. అందులోనూ ఆ గింజ ఎలా ఉంటుందో తెలియకుండా వెతకడం. జన్యువు గురించి ముందుగా ఏ ఊహా పెట్టుకోకుండా, అది చేసే పనిని బట్టే పట్టుకునే ఈ పద్ధతిలో కొలంబియాలో ఉన్నప్పుడే జూలియస్‌కు చెయ్యి తిరిగింది.

ఆయన ఒక్కరే చేశారా?

లేదు, ఈ సంగతి గట్టిగా చెప్పాలి. రోజుల తరబడి ఆ కణాల ముందు కూర్చున్నది మైకేల్ కాటరీనా అనే పోస్ట్‌డాక్. ఛానల్ గుండా పోయే కరెంటును కొలిచిన పనిలో జపాన్ నుంచి వచ్చిన మకోటో టొమినాగా కీలకం. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసం మీద ఆరుగురి పేర్లున్నాయి.

మిరపకాయ తలుపు వేడికి కూడా తెరుచుకుంటుందని ఎలా తెలిసింది?

జన్యువు చేతికొచ్చాక ఒక ప్రశ్న మిగిలింది. ఈ ప్రొటీన్ మన ఒంట్లో ఎందుకుంది? మిరపకాయ దక్షిణ, మధ్య అమెరికాల మొక్క. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మన దేశంలో దాని ముఖం కూడా ఎవరూ చూడలేదు, అంతకు ముందు మనకు కారం అంటే మిరియాలే. అయినా మన తాతముత్తాతల నరాల్లో ఈ తలుపు ఉంది. అంటే దాని అసలు పని వేరే ఏదో ఉండాలి.

కణాలను వేడి చేసి చూశారు. దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటగానే తలుపు తెరుచుకుంది. మనకు వెచ్చగా ఉంది అనిపించడం ఆగి, అమ్మో కాలుతోంది అనిపించేది కూడా సుమారుగా అక్కడే. అంటే ఈ ఛానల్ ఒంట్లో ఉండే వేడి కాపలాదారు. మిరపకాయ ఆ కాపలాదారుకు దొంగ సంకేతం ఇచ్చి అరిపిస్తోంది.

తెలుగులో నిప్పుకీ మంటే, కారానికీ మంటే. నోరు మండింది, చెయ్యి మండింది, పొయ్యి మండింది, అన్నిటికీ ఒకటే క్రియ. ఇది ఉపమానం కాదని, ఒకే ప్రొటీన్ చేసే పని కాబట్టే రెండూ ఒకేలా అనిపిస్తాయని ఆ ప్రయోగం చూపించింది.

ఆమ్లం కూడా ఈ తలుపును సడలిస్తుంది. దెబ్బ తగిలి వాచిన చోట ఆమ్లత పెరుగుతుంది, రకరకాల రసాయనాలు చేరతాయి. అప్పుడు తలుపు 43 దాకా ఆగదు, ఒంటి వేడి దగ్గర్లోనే తెరుచుకుంటుంది. ఎండకు కమిలిన వీపు మీద గోరువెచ్చటి నీళ్లు పోసినా భగ్గుమనడం అందుకే.

టీఆర్‌పీవీ1 అనే పేరు ఎలా వచ్చింది?

ఈ మిరపకాయ తలుపుకు మొదట పెట్టిన పేరు వీఆర్1. తర్వాత టీఆర్‌పీ అనే ఛానళ్ల కుటుంబంలో చేర్చి టీఆర్‌పీవీ1 అన్నారు. ల్యాబుల్లో ట్రిప్ వీ వన్ అంటారు. ఈ కుటుంబంలో మొదటి సభ్యుడు దొరికింది పండ్ల మీద ముసిరే చిన్న ఈగల కంట్లో. ఆ జన్యువు చెడిన ఈగ వెలుగుకు స్పందన మొదలుపెట్టి నిలుపుకోలేకపోతుంది. తాత్కాలికం అనే అర్థం వచ్చే మాట ఆ పేరులో ఉన్నది అందుకే.

కారం షడ్రుచుల్లో ఒకటి కదా, రుచి కాదంటారేమిటి?

ఉగాది పచ్చడిలో కారం ఉండాల్సిందే, అందులో మార్పు లేదు. కానీ శరీరశాస్త్రం లెక్కలో తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుక మీది రుచిమొగ్గల గుండా పోతాయి. కారం వేరే నరం మీద, ముఖానికి నొప్పినీ స్పర్శనూ మోసే నరం మీద పోతుంది. రుజువు ఇంట్లోనే ఉంది. మిరపకాయలు తరిగిన చేత్తో కన్ను నులుముకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. కంట్లో రుచిమొగ్గలు లేవు, పంచదార పెట్టినా తీపి తెలియదు. కారం మాత్రం తెలుస్తుంది.

రామచిలుక మిరపకాయలు హాయిగా ఎలా తింటుంది?

పక్షులకూ టీఆర్‌పీవీ1 ఉంది, వేడికి తెరుచుకుంటుంది కూడా. కానీ కోడి మీద చేసిన పరిశోధనలో, 2002లో, జూలియస్ ల్యాబ్ ఒక తేడా చూపించింది. పక్షి ప్రొటీన్‌లో క్యాప్సైసిన్ అతుక్కునే చోటు కొద్దిగా వేరుగా ఉంది. కాబట్టి కారం దానికి తగలదు.

మొక్కకు ఇందులో లాభం ఉంది. ఎలుకలు, ఇతర క్షీరదాలు గింజలను నమిలి పిండి చేస్తాయి. పక్షులు నమలవు, గింజలను చెడకుండా దూరంగా వదులుతాయి. నమిలేవాళ్లను తరిమి, మోసుకెళ్లేవాళ్లను పిలిచే ఏర్పాటు అది. పిల్లలకు చిన్నప్పుడు చిలుక బొమ్మ పక్కన ఎర్రటి పండుమిరపకాయ గీసి ఇస్తాం కదా, ఆ బొమ్మలో ఇంత జీవశాస్త్రం ఉంది.

నోరు మండితే మంచినీళ్లు ఎందుకు పనిచేయవు?

క్యాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. నీళ్లు తాగినంతసేపే చల్లదనం. పెరుగు, పాలు, నెయ్యి మేలు. ఆవకాయ అన్నంలో నెయ్యి వేసుకున్న మన పెద్దలు కెమిస్ట్రీ చదవకపోయినా లెక్క తప్పలేదు.

కారం తినగా తినగా మంట తగ్గడం నిజమేనా?

నిజమే. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంటే కాల్షియం లోపల పోగై, ఆ ఛానల్ స్పందన తగ్గుతుంది. మోతాదు బాగా ఎక్కువైతే నరం కొసలే కొన్నాళ్లు వెనక్కి తగ్గుతాయి. యాంచో చూసింది ఇదే. గుంటూరు కారం అలవాటైన నాలుకకూ, మొదటిసారి తిన్న నాలుకకూ తేడా పౌరుషంలో లేదు.

పుదీనా, అమృతాంజనం చల్లగా ఎందుకు ఉంటాయి?

వేడికి ఒక తలుపు ఉన్నప్పుడు చలికీ ఉండాలి కదా అని వెతికారు. ఈసారి సాధనం మెంథాల్. 2002లో జూలియస్ ల్యాబ్, ఆర్డెమ్ పటాపూటియన్ ల్యాబ్ విడివిడిగా పనిచేసి ఒకే ఛానల్ దగ్గరికి చేరాయి. దాని పేరు టీఆర్‌పీఎం8. చల్లదనం తగిలితే తెరుచుకుంటుంది, మెంథాల్ తగిలినా తెరుచుకుంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం నుదుటికి రాసుకుంటే నుదురు నిజంగా చల్లబడదు. అందులోని మెంథాల్ చలి తలుపును తడుతుంది, చల్లగా ఉందని మెదడు నమ్ముతుంది.

ఆవపిండి ఘాటు కూడా ఇదే రకమా?

ఇంచుమించు ఇదే, కానీ తలుపు వేరు. దాని పేరు టీఆర్‌పీఏ1. ఆవ ఘాటు దీని మీద పనిచేస్తుందని 2004లో తేలింది. పచ్చి వెల్లుల్లి ఘాటు, జపాన్‌వాళ్ల వసాబి కూడా దీనికే తగులుతాయి.

ఇక్కడ తెలుగు భాష నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది. మిరపకాయది కారం అంటాం, ఆవపిండిది ఘాటు అంటాం. కారం నోట్లో మండుతుంది, ఘాటు ముక్కుకెక్కుతుంది. క్యాప్సైసిన్ సులభంగా ఆవిరి కాదు, ఆవ ఘాటు ఇట్టే ఆవిరవుతుంది, తేడా అందుకే. మనం రెండు మాటలతో విడదీసిన అనుభవాలకు నిజంగానే రెండు వేర్వేరు ఛానళ్లు ఉన్నాయి. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుంటే మిరపపొడి ఒక తలుపునూ, ఆవపిండి, వెల్లుల్లి మరో తలుపునూ ఒకేసారి తడతాయి.

పోపులో ఆవాలు మరి ఘాటుగా ఎందుకుండవు అని ఒక అమ్మాయి క్లాసులో అడిగింది. మంచి ప్రశ్న. ఆవగింజలో ఘాటు ముందే తయారై ఉండదు. గింజ నలిగి, తడి తగిలినప్పుడు అందులోని ఎంజైము పనిచేసి ఘాటును పుట్టిస్తుంది. కాగే నూనెలో వేస్తే ఎంజైమే చచ్చిపోతుంది.

పాములు, గబ్బిలాలు, సాలీళ్ల మీద ఎందుకు పనిచేశారు?

ఒక జంతువుకు ఏదైనా శక్తి మితిమీరి ఉంటే, ఆ శక్తి వెనకున్న అణువు అందులో సులువుగా దొరుకుతుంది. గిలక్కాయ పాముకు కంటికీ ముక్కుకూ మధ్య ఒక గుంట ఉంటుంది. చీకట్లో ఎలుక ఒంటి వేడిని ఆ గుంటతో పసిగడుతుంది. అక్కడి నరాల్లో పనిచేసేది టీఆర్‌పీఏ1 అని 2010లో చూపించారు. మనలో ఘాటు పసిగట్టే తలుపు పాములో వేడి పసిగడుతోంది. మన అడవుల్లోని కొండచిలువకు కూడా మూతి అంచున ఇలాంటి గుంటలు ఉంటాయి. రక్తపింజరకు ఉండవు.

రక్తం తాగే గబ్బిలాలు అమెరికా ఖండాల్లో ఉంటాయి. వాటి ముక్కు దగ్గరి నరాల్లో టీఆర్‌పీవీ1 కొంచెం పొట్టిగా తయారవుతుంది. అది 43 దగ్గర కాదు, దాదాపు 30 డిగ్రీలకే తెరుచుకుంటుంది. చర్మం కింద రక్తం ఎక్కడ పారుతోందో దానికి అలా తెలుస్తుంది.

సాలీడు సంగతి వేరు. కొన్ని పెద్ద సాలీళ్ల విషం టీఆర్‌పీవీ1 తలుపును పట్టుకుని తెరిచే ఉంచుతుంది. అంటే మిరప మొక్క, సాలీడు, ఒకదానికొకటి ఏ సంబంధం లేనివి, శత్రువును తరమడానికి ఒకే నరాన్ని ఎంచుకున్నాయి. ఈ సంగతి చదివిన రోజు నేను చాలాసేపు ఇంకో పని చేయలేకపోయాను.

ఛానల్ ఎలా ఉంటుందో చూశారా?

చూశారు. 2013లో జూలియస్, అదే యూనివర్సిటీలోని యిఫాన్ చెంగ్ ల్యాబులు కలిసి టీఆర్‌పీవీ1 నిర్మాణాన్ని 3.4 ఆంగ్‌స్ట్రామ్ వివరంతో ప్రచురించాయి. ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటోవంతు. అప్పటిదాకా ఇంత వివరం కావాలంటే ప్రొటీన్‌ను స్ఫటికంగా మార్చాలి. పొరల్లో ఉండే ప్రొటీన్లు అంత సులువుగా స్ఫటికాలు కావు. వీళ్లు క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ వాడారు, అంటే ప్రొటీన్‌ను చటుక్కున గడ్డకట్టించి వేల ఫోటోలు తీసి కలపడం. ఒకే రకం ప్రొటీన్లు నాలుగు రేకుల్లా కూర్చుని మధ్యలో దారి వదిలిన బొమ్మ కనిపించింది. సాలీడు విషం పట్టుకున్నప్పుడు ఆ దారి ఎలా తెరుచుకుంటుందో కూడా చూశారు. పొరల్లోని ప్రొటీన్లను ఈ పద్ధతిలో చూడొచ్చని ధైర్యం ఇచ్చిన పని అది.

నోబెల్ ఎవరెవరికి, దేనికి వచ్చింది?

2021 అక్టోబర్ 4న ప్రకటించారు. ఉష్ణోగ్రత, స్పర్శ గ్రాహకాలను కనుగొన్నందుకు జూలియస్, పటాపూటియన్ చెరిసగం పంచుకున్నారు.

పటాపూటియన్ 1967లో లెబనాన్‌లోని బేరూత్‌లో ఆర్మేనియన్ కుటుంబంలో పుట్టి, యుద్ధకాలంలో అమెరికా వచ్చిన మనిషి. ఆయన ల్యాబ్‌లో బెర్ట్రాండ్ కోస్ట్, సన్నటి గాజు గొట్టంతో పొడిస్తే కరెంటు పుట్టించే కణాలు తీసుకుని, అనుమానం ఉన్న 72 జన్యువులను ఒక్కొక్కటిగా ఆపుతూ పోయారు. చివరిది ఆపినప్పుడు కరెంటు ఆగింది. అదే పీజో1. దాని చుట్టం పీజో2 స్పర్శకు ఆధారం. కళ్లు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో మనకు తెలియడానికి కూడా అదే ఆధారం.

వీటి వల్ల నొప్పి మందులు వచ్చాయా?

కొంత వచ్చాయి, ఆశించినంత రాలేదు. దీన్ని దాచకూడదు.

తలుపు తెలిసిపోయింది, ఇక మూసేస్తే నొప్పి పోతుంది అని కంపెనీలు ఉత్సాహంగా దిగాయి. టీఆర్‌పీవీ1ను మూసే మందులు తయారయ్యాయి. మనుషులకు ఇచ్చి చూస్తే అనుకోనిది జరిగింది. ఏఎంజీ 517 అనే మందు తీసుకున్న కొందరికి ఒంటి వేడి పెరిగింది, 40 డిగ్రీలు కూడా దాటింది. ఈ ఛానల్ ఒంటి ఉష్ణోగ్రతను అదుపులో పెట్టడంలో కూడా భాగమని అప్పుడు గట్టిగా తెలిసింది. ఇంకొన్ని మందులతో వేడి వస్తువు పట్టుకున్నా సమయానికి తెలియని పరిస్థితి వచ్చింది. కాపలాదారు నోరు నొక్కేస్తే నిప్పు అంటుకున్నప్పుడు చెప్పేదెవరు?

తిరగేసి చేసిన పద్ధతి మాత్రం పనిచేసింది. తలుపు మూయకుండా, బాగా తట్టి అలసిపోయేలా చేయడం. 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న ప్యాచ్‌కు అమెరికాలో 2009లో, సర్పి తగ్గాక మిగిలిపోయే నరాల నొప్పికి అనుమతి వచ్చింది. 2020లో షుగర్ వ్యాధివాళ్ల పాదాల నరాల నొప్పికి కూడా ఇచ్చారు. అది డాక్టర్ దగ్గరే వేయాల్సిన ప్యాచ్. ఇంట్లో మిరపపొడి నూరి మోకాళ్లకు రాసుకోవద్దు, చర్మం పాడవుతుంది. అమ్మమ్మలు, తాతయ్యలు చదువుతుంటే మరీ మరీ చెబుతున్నాను.

అయాన్ ఛానళ్ల దారిలో వేరే చోట కూడా ఫలితం వచ్చింది. నొప్పి నరాల్లో ఉండే ఒక సోడియం ఛానల్‌ను ఆపే సుజెట్రిజిన్ అనే మాత్రకు 2025 జనవరిలో అమెరికా అనుమతి ఇచ్చింది. అది మత్తుమందు జాతి కాదు.

అసలు నొప్పే లేకపోతే హాయి కదా?

2006లో ఉత్తర పాకిస్తాన్ కుటుంబాల మీద ఒక పరిశోధన వచ్చింది. వాళ్లలో కొందరికి పుట్టుకతో ఒక సోడియం ఛానల్ పనిచేయదు, నొప్పి అంటే ఏమిటో తెలియదు. ఒక అబ్బాయి వీధిలో నిప్పుల మీద నడిచి, చేతుల్లో కత్తులు గుచ్చుకుని చూపించేవాడు. పద్నాలుగేళ్లు నిండకుండానే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. మిగతా పిల్లలకు కొరుక్కున్న నాలుకలు, ఎప్పుడు విరిగాయో తెలియని ఎముకలు. ఈ భాగం క్లాసులో చెప్పేటప్పుడు నాకు గొంతు పట్టేస్తుంది.

జూలియస్ పరిశోధన మన ఇళ్లకు ఇంకెక్కడైనా తగిలిందా?

తగిలింది, చాలామందికి తెలియదు. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ మాత్ర ఇస్తారు. మీ ఇంట్లోనూ మందుల డబ్బాలో ఉండొచ్చు. ఆ మందు రక్తంలోని ప్లేట్‌లెట్ల మీద పనిచేస్తుందని తెలుసు కానీ, సరిగ్గా ఏ ప్రొటీన్ మీదో చాలాకాలం తెలియలేదు. 2001లో ఆ గ్రాహకాన్ని గుర్తించినవాళ్లలో జూలియస్ ల్యాబ్ ఒకటి. ఇక్కడ కూడా అదే ప్రశ్న, ఈ పదార్థం సరిగ్గా ఎక్కడ అతుక్కుంటోంది?

మా అమ్మాయికి ఈ రంగంలోకి వెళ్లాలని ఉంది. మన దేశంలో అవకాశం ఉందా?

ఉంది. భువనేశ్వర్‌లోని నైజర్ అనే పరిశోధన సంస్థలో టీఆర్‌పీ ఛానళ్ల మీద పని జరిగింది. బెంగళూరులో ఎన్‌సీబీఎస్, ఐఐఎస్‌సీ, హైదరాబాద్‌లో సీసీఎంబీ, టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థలు కూడా చూడండి. బైపీసీ చదివి మాథ్స్ వదిలేశాను అని టెన్షన్ పడే పిల్లలు చాలామంది కనిపిస్తారు. వోల్టేజి, కరెంటు, నిరోధం గురించి ఇంటర్ ఫిజిక్స్‌లో ఉన్నది గట్టిగా అర్థం చేసుకుంటే మొదలుపెట్టడానికి చాలు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే పరీక్ష రాసి, జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకోవడం మామూలు దారి. అంతకు ముందే వేసవి సెలవుల్లో ఏదైనా ల్యాబ్‌లో రెండు నెలలు పనిచేయమనండి. రోజుల తరబడి ఏమీ వెలగని కణాల ముందు కూర్చోవడం తనకు నచ్చుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఇంకా తేలనిది ఏమైనా మిగిలిందా?

చాలా ఉంది. టీఆర్‌పీవీ1 లేకుండా పెంచిన ఎలుకలు క్యాప్సైసిన్ కలిపిన నీళ్లు మామూలుగా తాగేశాయి, కానీ వేడి మాత్రం వాటికి కొంత తెలిసింది. అంటే వేడికి వేరే తలుపులు కూడా ఉన్నాయి. 2018లో మూడు ఛానళ్లు ఒకేసారి లేని ఎలుకలను పరీక్షిస్తే, అప్పుడు గానీ కాలే వేడికి అవి స్పందించడం మానలేదు. పొట్టలో, పేగుల్లో పుట్టే నొప్పి మీద జూలియస్ ల్యాబ్ ఈమధ్య చాలా పనిచేసింది.

అన్నిటికంటే నన్ను పట్టుకున్న ప్రశ్న ఒకటుంది. క్యాప్సైసిన్ ప్రొటీన్‌లో ఫలానా చోట అతుక్కుని తలుపు తీస్తుంది, ఆ చోటు ఇప్పుడు బొమ్మలో చూపించగలం. వేడి అలా ఒకచోట అతుక్కునే వస్తువు కాదు, ప్రొటీన్ మొత్తాన్నీ ఒకేసారి కదిలిస్తుంది. మరి 42 డిగ్రీల దగ్గర మూసి ఉన్న తలుపు 44 దగ్గర ఎలా తెరుచుకుంటుంది? ఆ వేడిని పసిగట్టేది ప్రొటీన్‌లో ఏ భాగం? వేర్వేరు ల్యాబులు వేర్వేరు భాగాలను చూపిస్తున్నాయి, వాదన ఇంకా నడుస్తోంది.